సీతాఫలం: ఎప్పుడు కోయాలి, ఎలా పండబెట్టాలి, గుజ్జు ఎలా దాచుకోవాలి

వినాయక నిమజ్జనం అయిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. అందరూ అడిగేది ఒకటే. "పెరట్లో చెట్టు నిండా కాయలున్నాయి. కోసి బియ్యం డబ్బాలో పెట్టాం. వారమైంది, పండలేదు. నల్లగా రాయిలా అయిపోయాయి. ఇప్పుడేం చేయాలి?"

ఇప్పుడేమీ చేయలేరు, పారేయాలి. అడగాల్సింది కోయకముందు. మామిడికాయ కాస్త ముందే కోసినా పుల్లగానో చప్పగానో ఏదో ఒకలా పండుతుంది. సీతాఫలం అలా కాదు. ముదరని కాయను గడ్డిలో పెట్టినా, బియ్యంలో పెట్టినా, దేవుడి ముందు పెట్టినా పండదు. ముదిరిన కాయైతే వంటింట్లో ఓ మూలన పడేసినా పండుతుంది. కాబట్టి ఈ వ్యాసంలో రెండో అంచె ఒక్కటి బాగా చదవండి, మిగతావి పైపైన చూసినా పరవాలేదు. గింజల గురించి రాసింది మాత్రం వదలకండి.

మాది పాలమూరు వైపు. ఇంటి వెనక నాలుగు చెట్లున్నాయి. ఊరి బయట గుట్ట మీద ఎవరూ పెట్టనివి, ఎవరూ నీళ్ళు పోయనివి లెక్కలేనన్ని ఉన్నాయి. బతుకమ్మకు తంగేడు, గునుగు పూలు కోయడానికి గుట్టెక్కిన వాళ్ళు దిగేటప్పుడు ఒళ్ళో నాలుగు సీతాఫలాలు తెచ్చుకోవడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. కింద రాసినవి పెరటి చెట్టుకూ గుట్ట చెట్టుకూ రెండింటికీ పనికొస్తాయి. కొనుక్కునేవాళ్ళు నేరుగా నాలుగో అంచెకు వెళ్ళండి.

కావలసినవి

- కొమ్మలు కత్తిరించే కత్తెర. లేకపోతే పదునైన చిన్న కత్తి.
- చివర కొక్కెం, దాని కింద చిక్కం కట్టిన పొడవాటి కర్ర. మామిడికాయలు కోసేది ఉంటే అదే చాలు.
- వెడల్పాటి వెదురు గంప, అడుగున పరవడానికి వరిగడ్డి గానీ పాత చీర గానీ. ప్లాస్టిక్ కవర్లు వద్దు.
- గుట్టకు వెళ్తుంటే చీలమండలు కప్పే బూట్లు, పొడుగు చేతుల చొక్కా, నీళ్ళ సీసా, చేతికర్ర.
- పాత టూత్ బ్రష్. ఎందుకో తర్వాత చెబుతాను.
- గుజ్జు తీయాలనుకుంటే స్టీలు చిల్లుల గిన్నె, నిమ్మకాయ, ఫ్రీజర్‌లో పెట్టే జిప్ కవర్లు.

1. ఎప్పుడు, ఎక్కడికి వెళ్ళాలి

ఆగస్టు చివర నుంచి నవంబరు దాకా కాయలు ఉంటాయి. జోరంతా సెప్టెంబరు రెండో వారం నుంచి దసరా దాటేదాకా. వానలు ఆలస్యమైతే కాపు కూడా కాస్త వెనక్కి జరుగుతుంది. క్యాలెండర్ కన్నా గుట్టను నమ్మండి. తంగేడు విరగబూసిందంటే సీతాఫలం దగ్గర పడ్డట్టే.

పొద్దున మంచు ఆరిన తర్వాత, ఎండ ముదరకముందు వెళ్ళండి. వాన పడిన మర్నాడు వద్దు. తడిసిన కాయ కోస్తే దాని మీది ఉబ్బెత్తుల సందుల్లో నీళ్ళు నిలిచి బూజు పడుతుంది. కాలు జారే గుట్ట సంగతి చెప్పనక్కర్లేదు.

గుట్టకు వెళ్ళేముందు అది ఎవరిదో కనుక్కోండి. చాలాచోట్ల గుట్టల మీది సీతాఫలాలు ఏరుకుని అమ్ముకునే కుటుంబాలు ఉంటాయి. వాళ్ళకు అదే ఆ రెండు నెలల సంపాదన. రిజర్వు అడవిలో ఏరుకునే హక్కు ఎవరికుందో ఊళ్ళో అడిగితే చెబుతారు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం లాంటి చోట్ల అనుమతి లేకుండా లోపలికి పోవడమే నేరం. మన సరదా కోసం గంపలు గంపలు దింపుకుని రావద్దు. ఇంట్లో తినేటన్ని, అంటే ఓ 20 కాయలు కోసుకుని, మిగతావి హైవే పక్కన గంపలు పెట్టుకున్న వాళ్ళ దగ్గర కొనండి. షాద్‌నగర్ నుంచి జడ్చర్ల దాకా ఈ రోజుల్లో వాళ్ళే కనిపిస్తారు. మధ్యలో వచ్చే బాలానగర్ పేరే పెద్ద కాయల రకానికి పెట్టారు, నర్సరీల్లో ఇప్పటికీ ఎక్కువ మంది అడిగేది ఆ మొక్కే.

జాగ్రత్త: ఈ కాలంలో గుట్టల మీద గడ్డి మోకాళ్ళ ఎత్తున ఉంటుంది. రక్తపింజరి గడ్డిలో పడుకుంటే పక్కనే నిలబడ్డా కనపడదు. అడుగు వేసేముందు కర్రతో గడ్డిని కదిలించండి. రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టకండి. కొమ్మ లాగేముందు ఆకుల కింద కందిరీగల పట్టు ఉందేమో చూడండి. నన్ను కుట్టినవన్నీ సీతాఫలం కొమ్మ కిందివే. పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం, మంత్రాలు వద్దు. కరిచిన కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి, పెద్ద ప్రభుత్వాసుపత్రికి పదండి.

పిల్లలను తీసుకెళ్తే ఇంకో మాట. సీతాఫలాన్ని చూసి వేరేదనుకునే ప్రమాదం లేదు, అలాంటి కాయ ఇంకోటి గుట్ట మీద ఉండదు. కానీ ఎర్రగా నల్ల చుక్కతో మెరిసే గురివింద గింజలు, అడవి ఆముదం కాయలు పిల్లల చేతికి అందే ఎత్తులోనే ఉంటాయి. రెండూ విషమే. "నాకు చూపించకుండా ఏదీ నోట్లో పెట్టొద్దు" అని ఎక్కేముందే చెప్పండి.

2. కాయ ముదిరిందో లేదో చూడటం

అసలు పని ఇదే. సీతాఫలం మీద ఉబ్బెత్తుగా ఉండేవాటిని మేం కళ్ళు అంటాం. లేతకాయలో ఈ కళ్ళు ఒకదాన్ని ఒకటి నొక్కుకుని ఉంటాయి. మధ్య గీత సన్నగా, ముదురాకుపచ్చగా ఉంటుంది. కాయ ముదిరే కొద్దీ కళ్ళు లావెక్కి ఒకదాని నుంచి ఒకటి జరుగుతాయి. మధ్య సందు వెడల్పవుతుంది, ఆ సందులో రంగు మారుతుంది. ముందు లేతాకుపచ్చ, తర్వాత మీగడ రంగు, కొన్ని చెట్లకు కాస్త గులాబీ కూడా తిరుగుతుంది. దీన్నే కళ్ళు విచ్చుకోవడం అంటాం.

చూడాల్సినవి నాలుగు:

ఒకటి, సందు. కాయను తిప్పి అన్ని వైపులా చూడండి. ఎండ తగిలే వైపు ముందు విచ్చుకుంటుంది. అటు మాత్రమే చూసి కోస్తే మోసపోతాం. నీడ వైపు కూడా సందు మీగడ రంగుకు వచ్చిందంటే కోయొచ్చు. తొడిమ దగ్గరి కళ్ళు చివరగా విచ్చుకుంటాయి. అవి కూడా విడిపోయాయంటే కాయ చెట్టు మీదే పండబోతోంది, ఆ రోజే కోసేయండి.

రెండు, రంగు. మొత్తం కాయ ముదురాకుపచ్చ వదిలి లేతబడాలి. పైన తెల్లటి బూడిద లాంటి పొర ఉంటే అది కాయదే, దుమ్ము కాదు.

మూడు, కళ్ళ ఆకారం. లేతకాయ కళ్ళకు కొన ఉంటుంది, వేలికి తగులుతుంది. ముదిరితే ఆ కొన పోయి గుండ్రంగా, నున్నగా అవుతాయి. చీకట్లో కూడా చెప్పొచ్చని మా అమ్మ పందెం కాస్తుంది. ఒకసారి కరెంటు పోయినప్పుడు నిజంగానే గంపలో చెయ్యి పెట్టి, బొటనవేలితో ఒక్కో కాయనూ తడిమి, మూడు కాయలు తీసి పక్కన పెట్టి "ఇవి లేతవి, ఎవరు కోసిన్రు?" అంది. కోసింది నేనే. మూడూ పండలేదు.

నాలుగు, మెత్తదనం. దీన్ని చెట్టు మీద చూడకండి. చెట్టు మీద మెత్తబడిందంటే చిలకకో ఉడతకో కోతికో అప్పటికే కబురు వెళ్ళి ఉంటుంది.

సైజు చూసి కోయకండి. చాలామంది చేసే తప్పు ఇదే. పిడికిలంత కాయ ముదిరి ఉండొచ్చు, దాని పక్కనే దోసిలంత కాయ లేతగా ఉండొచ్చు. గుట్ట కాయలు మరీ చిన్నవి, నిమ్మకాయ కన్నా కాస్త పెద్దగా ఉండగానే కళ్ళు విచ్చుకుంటాయి. రుచిలో మాత్రం వాటికే నా ఓటు.

ఎటూ తేలడం లేదా? ఆ కొమ్మకు దారం కట్టి రెండు రోజుల తర్వాత మళ్ళీ చూడండి. సందు వెడల్పు పెరిగి ఉంటే కోయండి. ముదిరీ ముదరని కాయకు రెండు రోజులు ఆగితే పోయేదేమీ లేదు, తొందరపడితే కాయే పోతుంది.

3. కోయడం

కాయను మెలితిప్పి పీకకండి. తొడిమ ఊడి కాయలో గుంట పడుతుంది, పండేలోపు ఆ గుంటలోంచే కుళ్ళు మొదలవుతుంది. వేలి గోరంత తొడిమ ఉంచి కత్తెరతో కత్తిరించండి. పైనున్న కాయలకు చిక్కం కర్ర వాడండి. చెట్టెక్కకండి, సీతాఫలం కొమ్మ పెళుసు. జామ కొమ్మలా వంగదు, పెళ్ళున విరుగుతుంది.

కింద పడ్డ కాయను గంపలో కలపకండి. పైకి దెబ్బ కనపడకపోయినా రెండో రోజుకు ఆ వైపు నల్లబడి పక్క కాయలను కూడా పాడు చేస్తుంది.

చెట్టంతా ఒకేసారి దులిపేయాలని చూడకండి. పూత విడతలు విడతలుగా వస్తుంది కాబట్టి కాయలూ అలాగే ముదురుతాయి. మేం వారానికి రెండుసార్లు చూస్తాం, విచ్చుకున్నవి మాత్రమే కోస్తాం. నాలుగైదు వారాలు ఇంట్లో రోజూ పండు ఉంటుంది.

కోతుల బెడద ఉంటే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయలేరు, తెలుసు. అలాంటి ఊళ్ళో కళ్ళు సగం విచ్చుకున్నప్పుడే కోయండి. పండటానికి రెండు మూడు రోజులు ఎక్కువ పడుతుంది, తీపి కాస్త తగ్గుతుంది. కోతికి వదిలేయడం కన్నా నయం.

4. ఇంటికి తెచ్చాక వేరు చేయడం

గంపలోంచి కాయలు ఒక్కొక్కటిగా తీసి మూడు కుప్పలు చేయండి. బాగా విచ్చుకున్నవి ఒక కుప్ప, సగం విచ్చుకున్నవి ఒకటి, పగిలినవీ దెబ్బ తిన్నవీ ఒకటి. మూడో కుప్పను ఆ సాయంత్రమే చూసుకోండి, మెత్తబడితే తినేయండి.

కళ్ళ సందుల్లో తెల్లటి దూది లాంటిది ఉంటే అది పిండినల్లి. దాని వెనకే చీమలు వస్తాయి. టూత్ బ్రష్ అందుకే. పొడిగా ఉన్నప్పుడే మెల్లగా రుద్దితే రాలిపోతుంది. మరీ ఎక్కువగా ఉంటే నీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, ఫ్యాన్ కింద పూర్తిగా ఆరబెట్టండి. తడితో గడ్డిలో పెడితే బూజు ఖాయం. పిండినల్లి తోలు మీదే ఉంటుంది, లోపలి పండు పాడవదు. దాన్ని చూసి కాయ పారేయనక్కర్లేదు.

కొనేటప్పుడు కూడా ఇదే చూపు. సందులు మీగడ రంగులో ఉండి, కాయ గట్టిగా ఉన్నవి తీసుకోండి. తోలు అక్కడక్కడా నల్లగా ఉండి కాయ రాయిలా ఉంటే వద్దు. గంపలో పైన మంచివి, కింద లేతవి పెట్టడం వ్యాపారం, దానికేమీ అనలేం. అడుగు నుంచి రెండు తీసి చూడటం మన పని.

5. పండబెట్టడం

మూడు పద్ధతులు చెబుతాను. మూడింట్లోనూ సూత్రం ఒకటే: కాస్త వెచ్చగా ఉండాలి, చెమ్మ ఉండకూడదు, గాలి పూర్తిగా ఆగిపోకూడదు.

గడ్డి గంప. ఎక్కువ కాయలుంటే ఇదే మంచిది. గంప అడుగున జానెడు మందాన ఎండు వరిగడ్డి పరిచి, కాయలు ఒకదానికొకటి ఒత్తుకోకుండా ఒక వరుస పేర్చండి. పైన పలుచగా గడ్డి, దాని మీద రెండో వరుస. రెండుకు మించి వేయకండి. పైన గోనెసంచి కప్పి ఎండ తగలని గదిలో పెట్టండి.

బియ్యం డబ్బా. నాలుగైదు కాయలకు బాగుంటుంది. కాయను పాత న్యూస్‌పేపర్‌లో చుట్టి బియ్యంలో సగం దాకా దింపండి. పూర్తిగా పూడ్చి మర్చిపోతే పండు పగిలి కారుతుంది. ఆ తర్వాత చీమలు, పురుగులు, ఇంట్లో మాటలు అన్నీ మీరే పడాలి.

అట్టపెట్టె. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకు ఇది చాలు. పెట్టెకు పక్కల నాలుగు చిల్లులు పెట్టి, కాగితం పరిచి, కాయలు పేర్చి, మధ్యలో బాగా పండిన అరటిపండు ఒకటి పెట్టండి. పండిన అరటిపండు నుంచి వచ్చే గాలికి పక్కనున్న కాయలు తొందరగా పండుతాయి.

బాగా విచ్చుకున్న కాయలు రెండు నుంచి నాలుగు రోజుల్లో, సగం విచ్చుకున్నవి నాలుగు నుంచి ఆరు రోజుల్లో పండుతాయి. ముసురు పట్టి చల్లబడితే ఇంకో రోజు కలుపుకోండి. వారం దాటినా గట్టిగా ఉందంటే ఇక ఆశ వదులుకోండి.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడాలి. ఇది అలవాటు కావాలి. సీతాఫలం పొద్దున దోరగా ఉంటుంది, సాయంత్రానికి పండుతుంది, మర్నాటికి పులుస్తుంది. మొదటిసారి ఉత్సాహంగా 40 కాయలు ఒకే గంపలో పెట్టి పెళ్ళికి ఊరెళ్ళాను. తిరిగొచ్చి తలుపు తీస్తే కల్లు దుకాణం వాసన. అప్పటి నుంచి విచ్చుకున్నవీ సగం విచ్చుకున్నవీ వేరే వేరే గంపల్లోనే.

ఫ్రిజ్ జోలికి పోకండి. పండని కాయను ఫ్రిజ్‌లో పెడితే చలికి దెబ్బతింటుంది. తోలు నల్లబడుతుంది, బయటికి తీశాక కూడా సరిగ్గా పండదు. పండిన తర్వాత పెట్టుకోవచ్చు, ఒకటి రెండు రోజులు ఆగుతుంది. అప్పుడు కూడా తోలు నల్లబడుతుంది గానీ లోపల బాగానే ఉంటుంది.

కార్బైడ్ పొట్లం వాడితే తొందరగా పండుతుందని ఎవరైనా చెబితే వినకండి. పళ్ళు మాగబెట్టడానికి దాన్ని వాడటం చట్టప్రకారం నిషేధం. పైగా అది పైపైన మెత్తబరుస్తుంది గానీ లేతకాయకు తీపి ఎక్కడి నుంచి తెస్తుంది?

6. పండిందో లేదో చూడటం

తొడిమ పక్కన బొటనవేలితో మెల్లగా నొక్కండి. తడిపి ఉంచిన చపాతీ పిండిలా లోపలికి పోవాలి. నడుము దగ్గర నొక్కితే కళ్ళు విడిపోయి పండు పగులుతుంది. అంగట్లో అందరూ నొక్కేది అక్కడే, అందుకే అక్కడి పళ్ళు సగం పగిలి ఉంటాయి. తొడిమ కదిపితే వదులుగా ఊగాలి. వాసన తీపిగా ఉండాలి. పులిసిన వాసన, సారా వాసన వస్తే దాటిపోయింది.

పండిన పండును కత్తితో కోయకండి. రెండు చేతుల్లో పట్టుకుని బొటనవేళ్ళతో విప్పితే రెండు చిప్పలవుతుంది. తెల్లగా, తొనలు తొనలుగా విడిపోతే సరిగ్గా పండినట్టు. తోలు దగ్గర గట్టిగా, మధ్యలో మెత్తగా ఉంటే ఇంకో పూట ఆగాల్సింది. పండు గోధుమరంగుకు తిరిగి నీళ్ళు కారుతుంటే తినకండి. కాయ మీద ఎక్కడైనా చిన్న రంధ్రం కనపడితే విప్పి చూశాకే పిల్లలకు ఇవ్వండి, పురుగు ఉండొచ్చు.

7. గుజ్జు తీయడం

ఒకేసారి పదిహేను పళ్ళు పండాయి, తినేవాళ్ళు ముగ్గురే. ప్రతి ఇంట్లో ఏదో ఒక రోజు ఇది జరుగుతుంది. అప్పుడు గుజ్జు తీసి దాచుకోవాలి.

పళ్ళు కడిగి, తుడిచి, విప్పి, స్పూన్‌తో తొనలు వెడల్పాటి గిన్నెలోకి తీయండి. తోలును గీకకండి. తోలుకు ఆనుకుని ఉండే పొర ఇసుకలా పలుకులుగా ఉంటుంది, అది గుజ్జులో కలిస్తే పంటి కింద పడుతుంది. పొదుపు చేద్దామని గీకి గీకి తీసేవాళ్ళకు ఆ పలుకులే మిగులుతాయి.

తర్వాత గింజలు వేరు చేయడం. తొనలను చిల్లుల గిన్నెలో కొంచెం కొంచెంగా వేసి, అరచేతితో గుండ్రంగా రుద్దండి. గుజ్జు కిందికి దిగుతుంది, గింజలు పైన నున్నగా మిగులుతాయి. అరకిలో గుజ్జుకు పావుగంట పడుతుంది. కవ్వంతో మెల్లగా తిప్పి కూడా గింజలు విడదీయొచ్చు.

మిక్సీలో వేయొద్దు. దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. సీతాఫలం గింజల్లో విషం ఉంది. మింగిన గింజ నలగకుండా అలాగే బయటికి పోతుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. కానీ గింజ పగిలితే లోపలి పప్పు ప్రమాదం. మిక్సీ బ్లేడుకు ఒక్క క్షణం చాలు. మిల్క్‌షేక్‌కు తొందరపడి గింజలతో సహా తిప్పేసి, జల్లెడ పట్టి తాగేవాళ్ళను చూశాను. గుజ్జులో నల్లటి నలుసులు కనపడినా, చేదు తగిలినా, గింజ పగిలినట్టే. ఆ గిన్నె మొత్తం పారేయండి, వడకట్టి వాడకండి.

ఆ గింజలనే ఎండబెట్టి పొడి చేసి పేలకు తలకు పట్టించే అలవాటు ఊళ్ళలో ఇంకా ఉంది. ఆ పొడి కంట్లో పడితే భరించలేని మంట, నల్లగుడ్డు మీద పుండు పడి చూపు మసకబారే దాకా పోతుంది. పొరపాటున పడితే వెంటనే ధారగా మంచినీళ్ళతో పావుగంట కడిగి, కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. పేలకు మందుల షాపులో వేరేవి చాలా ఉన్నాయి. తీసిన గింజలను పిల్లలకు అందకుండా పారేయండి. సీతాఫలం ఆకుల కషాయం షుగర్‌కు మంచిదని వాట్సాప్‌లో తిరిగే మాటలు నమ్మి రోజూ తాగడం కూడా నేను చేయను, మీరూ చేయకండి.

ఎంత గుజ్జు వస్తుంది? బాలానగర్ రకం లాంటి పెద్ద కాయలు కిలోకు 350 నుంచి 400 గ్రాములు వస్తుంది మాకు. గుట్ట కాయలైతే 300 రావడం కష్టం, సగం గింజలే.

8. దాచడం, వాడటం

గుజ్జు గాలి తగిలితే రంగు తిరుగుతుంది. అరకిలోకు ఒక చెంచా నిమ్మరసం కలిపి, జిప్ కవర్లలో పావుకిలో చొప్పున వేసి, గాలి పోయేలా పలుచగా పరిచి, తేదీ రాసి వెంటనే ఫ్రీజర్‌లో పెట్టండి. పలుచగా ఉంటే తొందరగా గడ్డకడుతుంది, తొందరగా కరుగుతుంది. దసరాకు పెట్టింది సంక్రాంతి దాకా మాకు బాగానే వచ్చింది. తరచూ కరెంటు పోయే చోటైతే నెలలోపు వాడేయండి. ఒకసారి కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టించకండి. వాడే ముందు రోజు రాత్రి ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి దింపుకోండి.

వండేటప్పుడు జరిగే తప్పు ఒక్కటే. గుజ్జును పొయ్యి మీద పెడతారు. సీతాఫలం గుజ్జు సుమారు 65 డిగ్రీలు దాటితే చేదెక్కుతుంది. అందుకే దీంతో జామ్ చేసినవాళ్ళు రెండోసారి చేయరు. బాసుంది చేయాలంటే లీటరు పాలు సగమయ్యేదాకా మరిగించి, చక్కెర రెండు మూడు చెంచాలే వేసి, పూర్తిగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. బాగా చల్లబడ్డాక కప్పు గుజ్జు కలపండి. గోరువెచ్చగా ఉన్నప్పుడు కలిపితే నిమ్మరసం వల్ల పాలు విరగొచ్చు. ముందు గరిటెడు పాలలో చెంచా గుజ్జు కలిపి చూడండి, బాగుంటే మొత్తం కలపండి.

షుగర్ ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే బాసుందిలో చక్కెర తగ్గించడంతో సరిపోదు, పండే బాగా తీపి. వాళ్ళ లెక్క డాక్టర్‌ను అడగండి.

మళ్ళీ మళ్ళీ అడిగేవి

"కాయ చెట్టు మీదే పగిలిపోతోంది." కొన్నాళ్ళు ఎండగా ఉండి ఒక్కసారిగా పెద్దవాన పడితే అలా అవుతుంది. పెరటి చెట్టుకైతే కాయ పెరిగే రోజుల్లో వాన లేనప్పుడు కాస్త నీళ్ళు పెడుతూ ఉండండి. పగిలినది అప్పుడే కోసి, చీమలు పట్టకముందే చూసుకోండి.

"ఒక వైపు పండింది, ఒక వైపు గట్టిగా ఉంది." నీడ వైపు చూడకుండా కోశారు. మెత్తబడ్డ సగం తినండి, రెండోది పారేయండి.

"కాయ వంకరగా, ఒక వైపు బుగ్గ లేకుండా ఉంది." పువ్వులో పుప్పొడి అన్ని వైపులా అందక అలా తయారవుతుంది. రోగం కాదు, ముదిరితే రుచిలో తేడా ఉండదు.

"రామాఫలానికి కూడా ఇదేనా?" కాదు. అది శివరాత్రి అటూ ఇటూ వచ్చే పండు, తోలు నున్నగా ఉంటుంది, విచ్చుకోవడానికి దానికి ఇలాంటి కళ్ళే ఉండవు. రంగు చూసి కోస్తారు.

"చెట్టు మీద నల్లగా ఎండిపోయిన కాయలు వేలాడుతున్నాయి." నవంబరులో కాపు అయిపోయాక అవన్నీ ఏరి, కింద రాలినవి కూడా కలిపి, చెట్టుకు దూరంగా కాల్చేయండి. వదిలేస్తే తెగులూ పిండినల్లీ వచ్చే ఏడు కాయలకు అక్కడి నుంచే ఎక్కుతాయి. మా పెరట్లో ఈ పని పిల్లలది. ఎండుకాయకు పావలా అని మొదలుపెట్టాను, ఇప్పుడు రెండు రూపాయలు అడుగుతున్నారు.